పెరట్లో మొలిచిందల్లా తాబేలుకు పెట్టొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు. ఏడాది క్రితం, అనుమతి కాగితాలన్నీ సరిగా ఉన్న చోటి నుంచే, వాడి కోసం హెర్మన్ జాతి తాబేలు పిల్లను తెచ్చాం. ఇప్పుడు దాని డిప్ప పొడవు 9 సెంటీమీటర్లు. ఇన్నాళ్లూ కొన్న ఆకుకూరలే పెడుతున్నాం. ఈమధ్య వానలు పడి పెరడంతా కలుపు లేచింది. కలుపు మొక్కలు తాబేలుకు మంచి మేత అని చదివాను. కానీ ఏది మేతో ఏది విషమో తెలియడం లేదు. మొక్కల్ని గుర్తించే యాప్ ఒకే మొక్కకు పొద్దున ఒక పేరు, సాయంత్రం ఇంకో పేరు చెబుతోంది. నాలుగు ఫొటోలు పంపుతున్నాను. ఒకటి పసుపు పువ్వున్న మొక్క, ఆకులు నేలకు పరుచుకుని ఉన్నాయి. రెండోది దళసరి ఆకులతో నేల మీద పాకేది. మూడోది మూడేసి ఆకులది. నాలుగోదానికి ఆకుల అంచుల్లో ముళ్లున్నాయి, ఇంకా పువ్వు రాలేదు. వీటిలో ఏవి పెట్టొచ్చు? ‘ఏది తినాలో తాబేలుకు తెలుసు, పెరట్లో వదిలెయ్’ అంటున్నారు మావారు. నిజమేనా?

సమాధానం: పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మనందరికీ తెలుసు. తాబేలు మేతకు మాత్రం ఆ సామెత తిరగబడుతుంది. మనిషి తినడానికి పెంచిన మెత్తని కూరల కన్నా పెరటి కలుపులో పీచు ఎక్కువ. చాలా మొక్కల్లో కాల్షియం కూడా బాగా ఉంటుంది. ఎదిగే తాబేలు డిప్ప గట్టిపడాలంటే మేతలో ఫాస్ఫరస్ కంటే కాల్షియం కనీసం ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. కాబట్టి మీ ఆలోచన మంచిదే.

ముందు మీవారి మాట తీసుకుంటాను, ఎందుకంటే అన్నిటికన్నా ప్రమాదం అందులోనే ఉంది. తాబేలుకు అన్నీ తెలియవు. హెర్మన్ తాబేలు పుట్టిల్లు దక్షిణ ఐరోపాలోని మధ్యధరా తీరం. అక్కడ అది రోజంతా తిరుగుతూ ఇక్కడో కొరుకు, అక్కడో కొరుకు తింటుంది. దాని ఎదుట ఉండేవి తరతరాలుగా ఆ నేల మీదే ఉన్న మొక్కలు. మన పెరళ్లలో అలా కాదు. అందం కోసమో నీడ కోసమో ఎక్కడెక్కడి ఖండాల నుంచో తెచ్చి నాటినవి, వాటి వెంట విత్తనాలుగా వచ్చి పాతుకున్నవి కలిసి ఉంటాయి. నాలుగు గోడల మధ్య ఆకలిగా ఉన్న పిల్ల తాబేలు ఆకుపచ్చగా, లేతగా, నోటికి అందే ఎత్తులో ఏముంటే దాన్ని కొరుకుతుంది. ఎరుపు, పసుపు పూలైతే మరీ ఇష్టం. పైగా దాని జీర్ణం చాలా నిదానం. తిన్నది బయటికి రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. కుక్కలా పిల్లిలా గడ్డి తిని వాంతి చేసుకునే అలవాటు దానికి లేదు. లోపలికి వెళ్లిన విషం లోపలే నానుతూ ఉంటుంది. కనుక అది తిరిగే జాగాలో ఉన్న ప్రతి మొక్కా మీకు పేరుపేరునా తెలిసేదాకా దాన్ని పెరట్లో వదలకండి.

ఇక ఫొటోలు. అవి చూసి ‘ఇది పెట్టండి, అది మానండి’ అని నేను తీర్పు చెప్పను. తప్పించుకోవడానికి కాదు. ఫొటోలో ఆకు రూపం కనిపిస్తుందే గానీ నూగు ఉందో లేదో, తుంచితే ఏ రంగు రసం వస్తుందో, కాడ గుల్లో గట్టో తెలియదు. మీ యాప్ తడబడేది కూడా అక్కడే. లేత మొక్కలు, పువ్వు లేని మొక్కలు అయితే దానికి ఇంకా కష్టం. మొక్కను గుర్తించేది సగం కన్ను, సగం చెయ్యి. నాకు తోచింది నేను చెబుతాను, రూఢి చేసుకోవడం మీ చేతుల్లో ఉంది.

మొదటి ఫొటో చూడగానే డాండలైన్ అనిపించింది. అదే అయితే తాబేలు పెంచేవాళ్లకు అంతకన్నా మంచి మొక్క లేదు. ఆకు, పువ్వు, కాడ అన్నీ తింటుంది. చూడవలసినవి ఇవి. పూకాడ ఆకుల మధ్య నుంచి నేరుగా లేవాలి. దాని మీద ఆకు ఉండకూడదు, కొమ్మలు చీలకూడదు, ఒక కాడకు ఒకే పువ్వు ఉండాలి. కాడను అడ్డంగా తుంచితే లోపల గొట్టంలా గుల్లగా ఉండి తెల్లని పాలు రావాలి. ఆకు నున్నగా, అంచులు రంపపు పళ్లలా మొదలు వైపుకు వంగి ఉండాలి. ఆకు మీద నూగు గరుగ్గా తగిలి, పూకాడ చీలి ఉంటే అది క్యాట్స్ ఇయర్ అనే దాని చుట్టం కావచ్చు. అదీ తాబేళ్లు తినేదే. భయపడవలసింది రాగ్‌వర్ట్ గురించి. లేతగా ఉన్నప్పుడు అదీ నేలకు గుండ్రంగా పరుచుకుంటుంది, పెరిగాక పసుపు పూలే పూస్తుంది. కానీ దాని కాడ ఆకులతో నిటారుగా లేచి, పైన చీలి, గుత్తులుగా చిన్న చిన్న పూలు వస్తాయి. తుంచితే పాలు రావు. అందులోని విషం ఒక్క రోజులో చంపదు, కొద్దికొద్దిగా కాలేయాన్ని పాడు చేస్తుంది. మొదట్లో ఏమీ కాలేదు కదా అన్న ధీమాతో దాన్నే పెడుతూ పోయే అవకాశం ఉంది కాబట్టే అది మరీ చెడ్డది.

‘పాలు కారే మొక్క విషం’ అని చాలామంది ఒక గుండుగుత్త సూత్రం చెబుతారు. దాన్ని నమ్ముకోకండి. ఎంతో మేలైన డాండలైన్‌కీ పాలుంటాయి, ఘోరమైన జిల్లేడుకీ పాలుంటాయి. పచ్చ గన్నేరుకూ పాలే. ఉమ్మెత్తకు పాలే లేవు, అయినా ప్రాణం తీస్తుంది. అలాంటి సూత్రాలు పని తేలిక చేసినట్టే కనిపిస్తాయి కానీ ఒక్కో మొక్కను విడిగా నేర్చుకోవడం తప్ప దగ్గరి దారి లేదు.

రెండో ఫొటో దగ్గర ఎక్కువసేపు ఆగాను. గంగవాయిలి అనిపిస్తోంది, కొందరు పావిలి కూర అంటారు. కానీ దాని పక్కనే, దాని కొమ్మల్లో కొమ్మలు కలిపి ఇంకోటి పాకుతున్నట్టుంది. ఇక్కడే నేనొకసారి తప్పు చేశాను. గంగవాయిలి దుబ్బును పిడికిట పట్టి ఒక్క ఊపున పీకి, మట్టి దులిపి, కత్తెరతో ముక్కలు కోసి పళ్లెంలో వేశాను. చేతికి జిగట తగిలేసరికి అనుమానం వచ్చి చూస్తే, కత్తెర నిండా తెల్లని పాలు. అదే నేల మీద, అదే ఎత్తులో, అదే ఎర్రని కాడలతో పాకే నానబాలు జాతి మొక్క ఒకటి దుబ్బులో కలిసి వచ్చింది. తాబేలు అప్పటికే పళ్లెం వైపు నడుస్తోంది. పళ్లెం లాగేశాను. అప్పటి నుంచి గంగవాయిలిని దుబ్బుగా కోయను. కొమ్మ కొమ్మగా తుంచుతాను, ప్రతి కొమ్మనూ విరిచి చూస్తాను.

తేడా ఇలా పట్టుకోండి. గంగవాయిలి కాడ లావుగా, నున్నగా, నీటితో నిండి ఉంటుంది. విరిస్తే నీరులాంటి రసమే తప్ప పాలు రావు. ఆకు దళసరిగా, చెంచా ఆకారంలో ఉంటుంది. ఎండ కాసే పూట చిన్న పసుపు పువ్వు విచ్చుతుంది. నానబాలు జాతుల కాడ దారంలా సన్నగా ఉంటుంది, చాలావాటికి నూగు కూడా ఉంటుంది. ఆకు పలచన, కొన్నింటికి ఆకు నడుమ ఎర్రని మచ్చ. విరిచిన చోట పాలు చుక్కగా నిలుస్తాయి. ఆ పాలు నోటిని, కంటిని మండిస్తాయి. మీ అబ్బాయి ఈ మొక్కను ముట్టుకుంటే కళ్లు నులుముకోకముందే చేతులు కడిగించండి. ఇక గంగవాయిలి అని తేలినా సరే, పళ్లెం నిండా అదే వేయకూడదు. అందులో ఆక్సలేట్లు ఎక్కువ. అవి కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. మిగతా ఆకుల్లో కొన్ని కొమ్మలుగా కలపండి చాలు. మనం ఇష్టంగా తినే పాలకూరను తాబేళ్లకు తరచుగా పెట్టొద్దనడానికీ కారణం ఇదే. మనిషికి మంచిదైతే తాబేలుకూ మంచిదే అన్న లెక్క అక్కడ తప్పుతుంది.

మూడో ఫొటో క్లోవరో, పులిచింతాకో తేల్చడం తేలిక. ఆ మూడు ఆకుల్లో ఒకదాన్ని తీసి చూడండి. కొన దగ్గర లోపలికి నొక్కుకుని అచ్చం హృదయం ఆకారంలో ఉంటే పులిచింత. కోడిగుడ్డు ఆకారంలో ఉండి, మీద తెల్లగా లేత గీత వంపు తిరిగి ఉంటే క్లోవర్. పులిచింత ఆకులు రాత్రికి గొడుగు ముడిచినట్టు కిందికి వాలిపోతాయి, పువ్వు అయిదు రేకుల చిన్న పువ్వు. క్లోవర్ పువ్వు చిన్న చిన్న పూలు ముద్దగా చేరిన బంతి. పులిచింతలో ఆక్సలేట్ చాలా ఎక్కువ, ఆ పులుపు దానిదే. నడుస్తూ నడుస్తూ ఒక ఆకు కొరికితే కంగారు పడకండి, కోసి మాత్రం పెట్టకండి. క్లోవర్ చిక్కుడు కుటుంబానిది, మాంసకృత్తులు ఎక్కువ. వారానికి ఒకటి రెండుసార్లు, ఇతర ఆకుల్లో కలిపి పెట్టండి.

నాలుగోది నాకూ తెలియలేదు. అది సౌ థిస్టిల్ అయితే డాండలైన్ అంత మంచి మేత. బలురక్కసి అయితే విషం. దీన్నే కొన్ని చోట్ల బ్రహ్మదండి అంటారు, ఇంకొన్ని చోట్ల ఆ పేరు వేరే ముళ్ల మొక్కకు ఉంది. అందుకే ఊరి పేర్లతో పాటు శాస్త్రీయ నామం కూడా రాసి పెట్టుకోమని చెబుతాను. సౌ థిస్టిల్ సోంకస్ ఒలెరేసియస్, బలురక్కసి ఆర్జిమోన్ మెక్సికానా. గంగవాయిలి పేరు పోర్ట్యులాకా ఒలెరేసియా. ‘ఒలెరేసియా’ అంటే కూరగా పనికొచ్చేది అని అర్థం. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో అచ్చు వేసిన పుస్తకంలో ఇలాంటి రెండు ముక్కల పేర్లు వేల మొక్కలకు పెట్టాడు. పేరులోనే వాడుక దొరికినప్పుడు నాకు భలే సంతోషంగా ఉంటుంది.

సౌ థిస్టిల్‌నీ బలురక్కసినీ విడదీసేది రసం రంగు. ఆకు తుంచండి. తెల్లని పాలు వస్తే సౌ థిస్టిల్ వైపు మొగ్గు. పసుపు రంగు రసం వస్తే బలురక్కసి, ఇంకేమీ చూడనక్కర్లేదు. బలురక్కసి ఆకు నీలం కలిసిన బూడిద పచ్చగా ఉంటుంది, ఈనెల వెంట తెల్లని చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, ముళ్లు చేతికి గట్టిగా గుచ్చుకుంటాయి. పూస్తే పలచని కాగితం లాంటి రేకులతో పెద్ద పసుపు పువ్వు, తర్వాత ముళ్ల కాయ, అందులో ఆవాల్లాంటి నల్లని గింజలు. ఆ గింజలు ఆవాల్లో కలిసి, ఆ నూనె వాడిన మనుషులు వాపులతో మంచాన పడిన సందర్భాలున్నాయి. సౌ థిస్టిల్ ముళ్లు చూడ్డానికే గానీ ఎక్కువగా మెత్తగా ఉంటాయి, ఆకు మొదలు రెండు చెవుల్లా కాడను కౌగిలించుకుంటుంది. పువ్వు చిన్న డాండలైన్ పువ్వులాగే ఉంటుంది.

ఇన్ని చెప్పాక మీకు భయం వేసి ఉంటే, నేను చేసే పద్ధతి చెబుతాను. విష మొక్కల జాబితా బట్టీ పట్టి, అందులో లేనివన్నీ మంచివే అనుకోవద్దు. ఆ జాబితాకు అంతు లేదు. తిరగేసి చేయండి. మేతకు పనికొచ్చే నాలుగైదు మొక్కల్ని ఏ వయసులో, ఏ నీడలో, పువ్వున్నా లేకున్నా కళ్లు మూసుకుని చెప్పగలిగేంత బాగా నేర్చుకోండి. అవే పెట్టండి. మిగతా పెరడంతా మీ తాబేలుకు లేనట్టే. వారానికి ఒక మొక్క చాలు. ఒక మొక్క ఎంచుకుని దాని పక్కన పుల్ల పాతి, మొలక నుంచి పువ్వు, గింజ దాకా మీ అబ్బాయితో కలిసి చూడండి. ప్రతి దశలో ఒక ఆకు పాత పుస్తకంలో నొక్కిపెట్టి పక్కన తేదీ రాయమనండి. యాప్‌ను ఊహకు వాడండి, నిర్ణయానికి వద్దు. ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో ఆకు అడుగు, కణుపు, పువ్వు విడివిడిగా ఫొటోలు పెడితే మొక్కలు తెలిసిన మనుషులు చూసి చెబుతారు. పేరు తేలాక, టార్టాయిస్ టేబుల్ అనే బ్రిటన్ వాళ్ల మొక్కల పట్టికలో ఆ పేరు వెతకండి. ఏది పెట్టొచ్చో, ఏది మితంగానో, ఏది వద్దో ట్రాఫిక్ దీపాల రంగుల్లో చూపిస్తారు.

మొదట నేర్చుకోవడానికి నా సలహా డాండలైన్, ప్లాంటెయిన్, మందార. ఇక్కడ ప్లాంటెయిన్ అంటే అరటి కాదు, నేలకు పరుచుకునే కలుపు. ఆకు మొదలు నుంచి కొన దాకా ఈనెలు పొడుగ్గా, పక్కపక్కనే సాగుతాయి. ఆకును అడ్డంగా మెల్లగా చింపితే ఆ ఈనెలు దారాల్లా వేలాడతాయి. పూలు సన్నని కంకిలా వస్తాయి. పీచు బాగా ఉన్న, రోజూ పెట్టగల మేత అది. మందార మీకు ఎలాగూ తెలుసు. ఆకూ పువ్వూ రెండూ పెట్టొచ్చు, పురుగుమందు కొట్టని చెట్టుదైతే. మల్బరీ ఆకు, ద్రాక్ష ఆకు, గులాబీ రేకులు కూడా పెట్టొచ్చు. నాగజెముడు మట్టలు ఇష్టంగా తింటుంది కానీ కంటికి కనిపించని నూగుముళ్లు ఉంటాయి, వాటిని పూర్తిగా గీకి తీసేయాలి.

తాబేలు తిరిగే చోట అస్సలు ఉండకూడనివి కొన్ని ఉన్నాయి. గన్నేరు, పచ్చ గన్నేరు, బిళ్ళ గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం, గురివింద, లంటానా, వయ్యారిభామ. వీటిని వేళ్లతో పీకేయండి, లేదా తాబేలును ఆ వైపు పోనివ్వకండి. రాలిన ఆకులూ పూలూ కూడా ఊడ్చాలి, ఎండినా గన్నేరు విషం పోదు. గొడుగులా గుత్తులుగా తెల్లని పూలు పూసి, క్యారెట్ ఆకులా చీలిన ఆకులున్న అడవి మొక్క ఏది కనిపించినా ముట్టుకోకండి. సోక్రటీసుకు క్రీ.పూ. 399లో తాగించిన హెమ్లాక్ ఆ కుటుంబానిదే. దాన్ని అడవి క్యారెట్ నుంచి విడదీయడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. దాన్ని నేర్చుకోవాలన్న సరదా కూడా వద్దు.

సరైన మొక్కే అయినా చోటు మంచిది కాకపోతే పెట్టకూడదు. గడ్డిమందు కొట్టిన చోటు, పక్కింటి మందు గాలికి వచ్చి పడే అంచు, వాహనాలు తిరిగే దారి పక్క, కుక్కలు తిరిగే మూల, నత్తల కోసం గుళికలు చల్లిన మడి వదిలేయండి. తెంపినవి నీళ్లలో ముంచి కడగండి. తడి ఉన్నా పరవాలేదు, దానికి నీరు కావాలి.

ఇన్నాళ్లూ కొన్న కూరలకు అలవాటు పడ్డ పిల్ల కాబట్టి మొదట ముఖం తిప్పుకోవచ్చు. పాత మేతలోనే కొత్త ఆకు సన్నగా తరిగి కలుపుతూ, రెండు మూడు వారాల్లో పాళ్లు మార్చండి. కొత్త మొక్కల్ని ఒక్కొక్కటిగానే చేర్చండి. ఏదైనా తేడా చేస్తే దేనివల్లో తెలియాలి కదా. పండ్లు మాత్రం వద్దు, హెర్మన్ జాతి పొట్టకు ఆ తీపి పడదు. మీ సందేహం చదివే మరొకరి ఇంట్లో సుల్కాటా జాతి తాబేలు ఉంటే, వాళ్లు వెడల్పు ఆకుల కన్నా గరికలాంటి గడ్డి ఎక్కువ పెట్టాలి. ఎర్రకాళ్ల తాబేలు ఉంటే కొంచెం పండు పెట్టొచ్చు. తాబేళ్లన్నీ ఒకటి కాదు. ఆకులెంత మంచివైనా, ఎండో, ఎండలోని అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చే యూవీబీ దీపమో లేకపోతే తిన్న కాల్షియం ఎముకకు చేరదు. ఆ ఏర్పాటు గురించి మీరు రాయలేదు. లేకపోతే ముందు అది చూడండి.

ఎప్పుడైనా తినకూడనిది తిన్నట్టు అనుమానం వచ్చి, నోటి వెంట చొంగ, వాచిన కళ్లు, కాళ్లు వేలాడేయడం, పలచని విరేచనం, పిలిచినా కదలకపోవడం లాంటివి కనిపిస్తే ఇంట్లో ఏ వైద్యమూ చేయకండి. పాలు, నూనె పోయకండి. అది కొరికిన మొక్కలో మిగిలిన కొమ్మను సంచిలో వేసుకుని, సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యుడి దగ్గరకు అప్పుడే వెళ్లండి. ఆ కొమ్మే డాక్టరుకు సగం సమాధానం.

ఇక మీరు చేయవలసింది. ఈ వారం మొదటి మొక్కను తుంచి, కాడ గుల్లగా ఉందో లేదో, పాలు వచ్చాయో లేదో చూడండి. గుర్తులన్నీ కలిస్తే రెండు మూడు ఆకులతో మొదలుపెట్టండి. రెండోదాన్ని కొమ్మ కొమ్మగా విడదీయండి. మూడోదాన్ని మీ అబ్బాయికి వదిలేయండి, హృదయమో గుడ్డో వాడే చెబుతాడు. నాలుగోదాని చుట్టూ రాళ్లు పేర్చి అలాగే ఉంచండి. పువ్వు వచ్చాక ఆకు అడుగు భాగం, తుంచిన చోట రసం, పువ్వు, మూడింటినీ దగ్గర నుంచి ఫొటోలు తీసి మళ్లీ రాయండి. అప్పటిదాకా అది తాబేలు పళ్లెంలోకి రాకూడదు.